ఆఖరి తగాదాకు కాపలా

గుర్రమ్మవలస హైస్కూల్లో తగాదాలు అయిపోయాయి.

ఈ సంగతి హెడ్మాస్టరు సన్యాసినాయుడు గారికి సోమవారం ప్రార్థన ముగిశాక తెలిసింది. గురువారం రాష్ట్ర బృందం వస్తోంది. వాళ్లు వచ్చేదే ఒక తగాదా చూడటానికి. బడంతా గాలించినా ఒక్కటి దొరకలేదు.

“ఏడో తరగతి చూశావా?” అని అడిగాడాయన.

“చూశాను సార్,” అన్నాడు డ్రిల్లు మాస్టారు అప్పలస్వామి. గ్రౌండంతా తిరిగొచ్చి చెమటలు కక్కుతున్నాడు. “ఒకడు ఇంకొకడి కాలు తొక్కీశాడు. నాను ఆశగా పరిగెట్టాను. ఈలోగా తొక్కించుకున్నోడే సారీ చెప్పీశాడు.”

“తొక్కించుకున్నవాడు సారీ చెప్పడమేంటి?”

“అదే సార్ నాకూ అర్థం కాలేదు. గట్టిగా అడిగితే, నా కాలు అక్కడ పెట్టడం నాదే తప్పు అంటాడు.”

హెడ్మాస్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కేసు చేయి దాటిపోతున్నప్పుడు ఆయన చేసే పని అది.

నిజానికి ఇందులో ఎవరి తప్పూ లేదు. పోయిన ఏడాది పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. సహవిద్యార్థి మధ్యవర్తిత్వం ద్వారా సంఘర్షణా పరిష్కార నైపుణ్యాభివృద్ధి అని దాని పేరు. పిల్లల తగాదాలు ఇకనుంచి పిల్లలే తీర్చుకోవాలి, ఉపాధ్యాయులు వేలు పెట్టకూడదు అని దాని అర్థం. తొమ్మిదో తరగతి చదివే కిల్లి భార్గవ్‌ని జిల్లా కేంద్రానికి పంపి శిక్షణ ఇప్పించారు. వాడు మెడలో నీలం కండువాతో, చంకలో చుట్టిన చాపతో తిరిగొచ్చాడు. వెళ్లేటప్పుడు మామూలు కుర్రాడే. వచ్చాక మాత్రం “ఏరా” అని పిలిస్తే, “మీ పిలుపు వెనక ఉన్న భావాన్ని గౌరవిస్తున్నాను” అనేవాడు.

పద్ధతి మంచిదే. తగాదా పడ్డవాళ్లిద్దరూ మైత్రీ చాప మీద ఎదురెదురుగా కూర్చోవాలి. మొదటి విడతలో జరిగింది చెప్పాలి. రెండో విడతలో అప్పుడు మనసుకు ఎలా అనిపించిందో చెప్పి, ఆ మొహం బొమ్మ గీయాలి. మూడో విడతలో ఎదుటివాడి స్థానంలో కూర్చుని కథంతా మళ్లీ మొదటినుంచి చెప్పాలి. ఎవరికైనా తృప్తి కలగకపోతే అన్నీ మళ్లీ మొదలు. ఇవన్నీ జరిగేది ఆటల పీరియడ్‌లో.

నెల తిరక్కుండానే పిల్లలకి విషయం బోధపడింది. మొహాల బొమ్మలు గీస్తూ కబడ్డీ పోగొట్టుకోవడం కన్నా, ఒక దెబ్బ తిని ఊరుకోవడమే సుఖం. బడి ప్రశాంతమైపోయింది. పెన్సిలు పోయినవాడు పోనీలే అనుకున్నాడు. నెట్టించుకున్నవాడు లేచి దులుపుకుని నవ్వాడు.

ఈ ప్రశాంతతే హెడ్మాస్టరు కొంప ముంచింది. “తగాదాలు లేవు” అని పైకి రాస్తే, “మీ పాఠశాలలో బాలబాలికలు భావప్రకటనకు జంకుతున్నారా? వివరణ ఇవ్వగలరు” అని జవాబొచ్చింది. దాని వెనకే రాష్ట్ర మైత్రీ సమన్వయాధికారి చక్రధర్ గారి ఫోను.

“నాయుడు గారూ, మాకు సజీవ తగాదా కావాలి. సహజసిద్ధంగా ఉద్భవించినది. మా సమక్షంలో పరిష్కారం కావాలి. నటన మాత్రం అంగీకరించబడదు.”

నటనకు హెడ్మాస్టరు ఎలాగూ సిద్ధంగా లేడు. పక్క మండలంలో ఒక బడి ఆ ప్రయత్నం చేసింది. తిట్టుకుంటున్న కుర్రాళ్లలో ఒకడు మధ్యలో మాట మర్చిపోయి, అందించమన్నట్టుగా తెలుగు మాస్టారి వైపు చూశాడు. ఆ బడి హెడ్మాస్టరు ఇప్పటికీ వివరణలు రాస్తూనే ఉన్నాడు.

*

బుధవారం మధ్యాహ్న భోజనం వేళ అప్పలస్వామి ఆఫీసు గదిలోకి దూసుకొచ్చాడు.

“దొరికింది సార్.”

హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచాడు. “ఎవరు? రక్తం వచ్చిందా?”

“రక్తం కాదు సార్. గుడ్డు.”

ఎనిమిదో తరగతి పిల్లలు ఢిల్లీశ్వరి, హైమావతి. ఒకే వీధి, ఒకే బెంచీ. గుడ్డు పెట్టే రోజున వాళ్లకొక ఒప్పందం ఉంది. హైమకి పచ్చసొన పడదు, ఢిల్లీశ్వరికి తెల్లది పడదు. కంచాలు పక్కపక్కన పెట్టుకుని మార్చుకుంటారు. ఒకటో తరగతి నుంచీ అంతే. ఆ రోజు హైమ మార్చలేదు. తనకి పడని పచ్చసొనని ఢిల్లీశ్వరి కళ్లెదుటే, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా నమిలి మింగేసింది.

“ఎందుకలాగ తినీసిందో చెప్పదు సార్. ఢిల్లీశ్వరి అడిగితే, హైమ మొహం తిప్పీసుకుంది. ఢిల్లీశ్వరేమో కంచం విసిరీసింది. ఒరిజినల్ సరుకు.”

హెడ్మాస్టరు కళ్లజోడు పెట్టుకున్నాడు. “భార్గవ్‌కి తెలిసిందా?”

“చాప పట్టుకుని బయల్దేరాడు సార్. నాను దారిలో ఆపీశాను.”

“మంచి పని చేశావు. రేపటిదాకా ఆ ఇద్దరినీ ఎవరూ కలపకూడదు. వాళ్లంతట వాళ్లు కలిసినా ఊరుకోవద్దు. అది అనధికార రాజీ అవుతుంది.”

ఆ క్షణం నుంచి గుర్రమ్మవలస హైస్కూల్లో ఆ తగాదా ప్రభుత్వ ఆస్తి. ఢిల్లీశ్వరిని మొదటి బెంచీలోకి, హైమని ఆఖరి బెంచీలోకి మార్చారు. మంచినీళ్లకు ఒకరు వెళ్తే రెండోవాళ్లని లేవనివ్వలేదు. లెక్కల మాస్టారు పాఠం చెప్తూనే ఒక కన్ను ముందు, ఒక కన్ను వెనక వేశాడు. సాయంత్రం గేటు దగ్గర హైమ తల దించుకుని, ఢిల్లీశ్వరి జడలో ఊడిపోతున్న రిబ్బను పట్టుకోబోయింది.

“ఒలే, ముట్టుకోకు,” అంటూ అప్పలస్వామి మధ్యలోకి దూకాడు.

వాళ్ల వీధి చివరిదాకా ఇద్దరి మధ్యా ఆయనే నడిచాడు. కోపాలు చల్లారకుండా దారి పొడుగునా ఆ గుడ్డు సంగతే గుర్తు చేశాడు.

*

గురువారం పొద్దున్నే చక్రధర్ గారు ఫోను చేశారు.

“నాయుడు గారూ, అనివార్య కారణాల వల్ల మా పర్యటన వచ్చే శుక్రవారానికి వాయిదా పడింది. అంతవరకు తగాదాను యథాతథ స్థితిలో ఉంచగలరు.”

“సార్, పిల్లల తగాదా. అన్నాళ్లు నిలవ ఉండదు సార్.”

“ఉండేలా చూడటమే కదా నాయకత్వ లక్షణం.”

ఫోను పెట్టేసి తలెత్తితే గుమ్మంలో ఢిల్లీశ్వరి తండ్రి సింహాచలం నిలబడి ఉన్నాడు. ఊళ్లో ఆటో నడుపుతాడు. ఖాకీ చొక్కా జేబులోంచి మడత కాగితం తీశాడు.

“గుంటకి గురుకులంలో సీటొచ్చింది బాబూ. ఎవులో మానీసినారట, ఒక్క కాళీ. వచ్చే శుక్రవారం సాయంత్రం అయిదింటికి చేరకపోతే ఎనకాల ఉన్నోళ్లకి ఇచ్చీస్తారట. టీసీ ఇప్పించండి.”

హెడ్మాస్టరు సంతోషంగా సొరుగు లాగాడు. లాగినవాడు సగంలో ఆగిపోయాడు. ఉత్తర్వులో ఒక షరతుంది. సంఘర్షణ పరిష్కారం కాకుండా ఉభయ పక్షాల్లో ఎవరినీ పాఠశాల నుంచి విడుదల చేయరాదు.

“సింహాచలం, టీసీ ఇవ్వడానికి వీల్లేదు. మీ అమ్మాయి తగాదాలో ఉంది.”

“ఎవుల్తో బాబూ?”

“హైమావతితో.”

“అదేటి? రాత్రి హైమ మా ఇంట్లోనే కదా అన్నం తిని పడుకుంది. ఇద్దరూ ఒకే దుప్పటి.”

హెడ్మాస్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. గది తలుపు వేశాడు. గొంతు తగ్గించాడు.

“ఆ మాట నువ్వు చెప్పలేదు. నేను వినలేదు.”

“మరి టీసీ?”

“అధికారికంగా తగాదా ఉంది. అధికారికంగా తీరితేనే టీసీ. తీర్చడానికి పైవాళ్లు రావాలి. వాళ్లు శుక్రవారం పొద్దున వస్తారు. మధ్యాహ్నానికల్లా రాజీ అయిపోతుంది, సంతకం పెట్టేస్తాను. ఆటో సిద్ధంగా ఉంచు.”

“ఈలోగా ఆళ్లిద్దరూ కలిసీపోతే?”

“కలిసిపోతే రాజీ చూపించలేం. చూపించలేకపోతే కేసు మూయలేం. మీ అమ్మాయి ఇంటర్ వయసు దాటినా ఎనిమిదో తరగతిలోనే తగాదాలో ఉంటుంది.”

సింహాచలం కాగితం మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. “అయితే నానింటికెళ్లి ఆళ్లని ఇడదీసీమంటారు.”

“నేనేమీ అనలేదు,” అన్నాడు హెడ్మాస్టరు.

*

ఆ వారమంతా ఊళ్లో ఒక విచిత్రమైన ఏర్పాటు నడిచింది. ఇద్దరు పిల్లలూ ఇంటి దగ్గర స్నేహితులు, బడి గేటు దాటగానే శత్రువులు. ఢిల్లీశ్వరి తల్లి ఉదయం ఇద్దరికీ జడలు వేసి, “బేగి ఎల్లండి, గేటు కాడ మర్చిపోకుండా ఇడిపోండి” అని పంపేది. గేటు దగ్గర అప్పలస్వామి తగాదాను లెక్క చూసుకుని లోపలికి తీసుకునేవాడు.

ఒకరోజు వరండాలో ఢిల్లీశ్వరి కాలు జారి పడబోతే, హైమ పరిగెత్తుకొచ్చి పట్టుకుంది. చూసినవాళ్లంతా నిలబడిపోయారు. హిందీ మేడం సమయస్ఫూర్తి ఉన్న మనిషి. “చూశారా, ఎలా తోసేసిందో,” అంది గట్టిగా.

అడ్డంకి ఒక్కటే, భార్గవ్. వాడికి అబద్ధం రాదు. శిక్షణలో నేర్పలేదు. హెడ్మాస్టరు వాణ్ని పిలిపించి, “నువ్వు ‘ఇంకా కోపంగా ఉందా’ అని మాత్రం అడక్కు” అన్నాడు.

“నా మొదటి ప్రశ్నే అది సార్.”

“రెండో ప్రశ్న నుంచి మొదలెట్టు.”

“మీ ఆందోళనను గౌరవిస్తున్నాను సార్,” అన్నాడు భార్గవ్. ఒప్పుకున్నట్టో కాదో తెలియలేదు.

శుక్రవారం వచ్చింది. చక్రధర్ గారు మాత్రం వేళకి రాలేదు. పదింటికి రావాల్సిన కారు భోజనాల వేళ దాటాక వచ్చింది. మామిడి చెట్టు కింద ఆటోలో ట్రంకు పెట్టె, బకెట్టు, చుట్టిన పరుపు. సింహాచలం స్టీరింగు పట్టుకుని కూర్చునే ఉన్నాడు. గురుకులం గంట దూరం.

హాల్లో చాప పరిచారు. వెనక కెమెరా అమర్చారు. ఢిల్లీశ్వరి, హైమ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆటల పీరియడ్ కాకపోయినా బడంతా కిటికీలకి వేలాడుతోంది.

భార్గవ్ కండువా సర్దుకుని నియమాలు చదివాడు. “మాట్లాడే మనిషి మాట పూర్తయ్యేదాకా ఎవరూ అడ్డు రాకూడదు. అడ్డొచ్చినవాళ్లు ఎవరైనా సరే తగాదాలో మూడో పక్షం అవుతారు. వాళ్లూ చాప మీద కూర్చోవాలి.”

చక్రధర్ గారు గర్వంగా తలూపారు. ఆ వాక్యాలు రాసింది ఆయనే.

“మొదటి ప్రశ్న,” అన్నాడు భార్గవ్.

హెడ్మాస్టరు కళ్లజోడు తీశాడు.

“హైమావతీ, నీకింకా కోపంగా ఉందా?”

హైమ ఢిల్లీశ్వరి వైపు చూసింది. కెమెరా వైపు చూసింది. “ఉంది,” అంది.

హమ్మయ్య అనుకున్నారు టీచర్లందరూ. అప్పలస్వామి ఒక్కడికే అనుమానమొచ్చింది. ఆ గొంతులో అబద్ధం లేదు.

“గుడ్డు గురించా?”

“గుడ్డేటి. పచ్చసొన తింటే నాకు వాంతొస్తాది. అయినా తిన్నాను.” హైమ చాప అంచు మెలిపెట్టింది. “ఇది గురుకులం పరీక్ష రాసీసింది. నాకు చెప్పలేదు. మా మేనత్త చెప్తే తెలిసింది. నాకు చెప్పకుండా ఎల్లిపోదామనుకుంది. ఇంటికాడ అడగలేకపోయాను, ఏడుపొచ్చీస్తాదని.”

 ఒకే దుప్పటి కింద పడుకున్నా అడగలేని మాట అది. ఢిల్లీశ్వరి మొహం తెల్లబోయింది. పెదాలు బిగించుకుని, కళ్లు తుడుచుకుంది.

“ఢిల్లీశ్వరీ,” అన్నాడు భార్గవ్ మెల్లగా, “ఎందుకు చెప్పలేదు?”

“ఎందుకంటే...” అంది ఢిల్లీశ్వరి.

“ఆపండి,” అన్నారు చక్రధర్ గారు.

ఆయన లేచి నిలబడ్డారు. ఆనందంతో మొహం వెలిగిపోతోంది. “అద్భుతం. నా సేవాకాలంలో ఇంతటి నాణ్యమైన సంఘర్షణ చూడలేదు. దీన్ని ఇక్కడ వృథా చేయరాదు. వచ్చే నెల రాష్ట్ర స్థాయి మైత్రీ మహోత్సవంలో మంత్రిగారి సమక్షంలో, సరిగ్గా ఇదే బిందువు నుంచి కొనసాగిద్దాం. అంతవరకు ఉభయ పక్షాలను యథాతథంగా భద్రపరచండి.”

“సార్,” అన్నాడు హెడ్మాస్టరు. “ఆ పిల్ల సాయంత్రం అయిదింటికి గురుకులంలో చేరాలి సార్. లేకపోతే సీటు పోతుంది.”

“వ్యక్తిగత ప్రయోజనం కన్నా కార్యక్రమ ప్రయోజనం మిన్న కదా నాయుడు గారూ.”

కిటికీ బయట ఆటో హారన్ మోగింది. హెడ్మాస్టరు చేతిలో సంతకం లేని టీసీ నలుగుతోంది.  పాతికేళ్ల సర్వీసులో పైవాళ్లకి ఎదురు చెప్పే అలవాటు ఆయనకి లేదు.

“సార్,” అన్నాడు భార్గవ్. “కూకోండి.”

చక్రధర్ గారు వెనక్కి తిరిగి చూశారు, ఎవర్నన్నాడా అని.

“మిమ్మల్నే సార్. దాని మాట అవ్వలేదు. మీరు అడ్డొచ్చీసినారు. మీరే మూడో పక్షం. చెప్పులిప్పి చాప మీద కూకోండి.”

శిక్షణ నుంచి వచ్చాక వాడి నోట సొంత మాట వినిపించడం అదే మొదలు. కెమెరా నడుస్తూనే ఉంది. చక్రధర్ గారు కెమెరావాడికి సైగ చేశారు. వాడు అది దగ్గరగా తీయమన్న సైగ అనుకుని ఇంకాస్త ముందుకొచ్చాడు. రాసింది తనే, మీరడం ఎలా? ఆయన బూట్లు విప్పడానికి కొంచెం సమయం పట్టింది. చాప మీద కూర్చోవడానికి ఇంకొంచెం.

“చెప్పు ఢిల్లీశ్వరీ.”

“చెప్తే నువ్వూ రాస్తావని,” అంది ఢిల్లీశ్వరి హైమతో. “ఉన్నది ఒక్క సీటు. నువ్వు రాస్తే నీకే వస్తాది. నాకు రాదు. నువ్వు మొదటి ర్యాంకు కదే.”

హైమ నోరు వెళ్లబెట్టింది. “హాస్టల్ సాంబారు తినడానికి నానెందుకు రాస్తానే? పిచ్చిదానా.”

“నాకేటి తెల్సు?”

“అడగొచ్చు కదా.”

“నువ్వు అడిగావేటి?”

ఇద్దరూ ఒకేసారి ఏడ్చారు. ఏడుస్తూనే నవ్వారు. కిటికీల్లో పిల్లలు కూడా ముక్కులు ఎగబీల్చారు. మొహం బొమ్మలు గీయమని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

“రాజీకి ఏం కావాలి?” అని అడిగాడు భార్గవ్.

“దానికి టీసీ,” అంది హైమ.

“మూడో పక్షం?” భార్గవ్ చక్రధర్ గారి వైపు తిరిగాడు. “మీకెలాగనిపిస్తంది సార్?”

చక్రధర్ గారు కాళ్లు చూసుకున్నారు. సాక్సుకు బొటనవేలి దగ్గర చిరుగుంది. అందరూ దాన్నే చూస్తున్నారు.

“నాకు... మంత్రిగారికి ఏం చూపించాలో అని భయంగా ఉంది,” అన్నారు.

“మీ భయాన్ని గౌరవిస్తున్నాను,” అన్నాడు భార్గవ్. “టీసీకి ఒప్పుకుంటారా?”

ఆయన తలూపారు. తల పూర్తిగా కిందికి రాకముందే హెడ్మాస్టరు సంతకం పెట్టేశాడు.

*

టీసీ పట్టుకుని పిల్లలిద్దరూ ఆటో దగ్గరికి పరిగెత్తారు. హాల్లో చక్రధర్ గారు కుర్చీ మీద కూర్చుని బూటు లేసులు కట్టుకుంటున్నారు. హెడ్మాస్టరు పక్కన నిలబడ్డాడు.

“రాజీ బాగానే ఉంది నాయుడు గారూ. కానీ మహోత్సవానికి నాకు ఒక తగాదా కావాలి కదా. కొత్తది. మీ బడిలో ఇంకెక్కడైనా...”

అప్పుడే కిటికీలోంచి కేకలు వినిపించాయి. ఆటో పక్కన ఢిల్లీశ్వరి, హైమ ఒకరి మీదికి ఒకరు వెళ్తున్నారు. గురుకులంలో ఆదివారం ఒక్క ఫోనే చేయనిస్తారట.

“మొదటి ఆదివారం నాకే చెయ్యాల.”

“మా అమ్మకే చేస్తాను.”

“మీ అమ్మ పక్కింట్లోనే ఉంటాను కదే, నాకు చేస్తే ఆమెకి ఇస్తాను.”

“ఇవ్వవు. నువ్వే మాట్లాడీస్తావు.”

“నానా? నానా మాట్లాడీసేది?”

హైమ ఆటోలోంచి పరుపు కిందికి లాగింది. ఢిల్లీశ్వరి ఆమె జడ పట్టుకుంది. సింహాచలం రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. సజీవం, సహజసిద్ధం. ఏడాది మొత్తంలో గుర్రమ్మవలస హైస్కూల్లో అంత మంచి తగాదా పుట్టలేదు.

వరండాలో భార్గవ్ చూశాడు. చేయి చాప మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. కండువా తీసి జేబులో కుక్కుకుని, వాడు నెమ్మదిగా కుళాయి వైపు వెళ్లిపోయాడు, దాహమేసినట్టు.

“ఏమిటా అరుపులు?” అన్నారు చక్రధర్ గారు లేస్తూ.

సన్యాసినాయుడు అడ్డంగా నడిచి వెళ్లి కిటికీ తలుపులు మూశాడు. గడియ పెట్టాడు.

“ఏమీ లేదు సార్,” అన్నాడు. “పిల్లలు ఆడుకుంటున్నారు.”